ముప్పై ఎనిమిదో భాగానికి ఎన్ని ఊలు

లాకులపాడు శాఖా గ్రంథాలయంలో నేను ఇరవై ఆరేళ్లుగా గ్రంథపాలకుణ్ణి. ఇన్నేళ్లలో నా మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు. అందులో నా గొప్పతనం ఏమీ లేదు. ఫిర్యాదు చెయ్యాలంటే ముందు ఎవరో ఒకరు లైబ్రరీకి రావాలి కదా. పేపరు కోసం రోజూ ముగ్గురు వచ్చేవారు. వారిలో ఒకాయన ఫ్యాను కోసం వచ్చేవాడని, ఫ్యాను చెడిపోయిన వేసవిలో తెలిసింది.

నేను రూలు ప్రకారం నడిచే మనిషిని. పైనుంచి వచ్చిన కాయితాన్ని 'ఎందుకు' అని అడిగే అలవాటు నాకు లేదు. అడిగినవాళ్లు ఏయే ఊళ్లకు బదిలీ అయ్యారో నాకు బాగా తెలుసు.

నిరుడు మా శాఖకు శ్రవణ గ్రంథ యంత్రం వచ్చింది. పేరు చూసి కంగారు పడనక్కర్లేదు, పుస్తకాన్ని పైకి చదివి వినిపించే పెట్టె. దాని కడుపులో రెండు వందల పుస్తకాలున్నాయి. అయితే ఒక్కో పుస్తకాన్ని ముక్కలుగా కోసి, ఒక్కో భాగానికి ఒక్కో తాళం నంబరు పెట్టారు. నంబరు కొడితేనే పెట్టె నోరు విప్పుతుంది. ఆ నంబరు జిల్లా కార్యాలయం నుంచి రావాలి. జనానికి కథంతా ఒక్కసారే ఇచ్చేస్తే అరగదని శాఖవారి భయం కాబోలు.

పెట్టెను కిటికీలో పెట్టి మొదట వచ్చిన నంబరు కొట్టాను. 'కాలవకట్ట సుభద్ర' అనే నవల మొదలైంది. మొత్తం ముప్పై ఎనిమిది భాగాలు. హాల్లో వినే నాథుడు లేడు. రోడ్డుకు అవతల మాత్రం ఒకరు విన్నారు.

ఆవిడ పేరు కోటిరత్నం. ఆడవాళ్ల జాకెట్లు కుడుతుంది. కొట్టు మీద 'రత్నం లేడీస్ టైలర్స్' అని బోర్డు ఉంటుంది. ఆ బహువచనం ఆవిడకీ, ఆవిడ మిషనుకీ కలిపి. చేతులు గుడ్డ మీద, కళ్లు సూది మీద, కాళ్లు మిషను మీద ఉంటాయి. పొద్దస్తమానం ఖాళీగా ఉండేవి ఆవిడ చెవులే. మూడో రోజు రోడ్డు దాటి వచ్చింది.

"అన్నయ్య గారూ, కాస్త సౌండు పెంచండి. జిగ్‌జాగ్ కొట్టేటప్పుడు సుభద్ర మాటలు సగం వినపడట్లా. నిన్న వాళ్లత్త ఏదో అంది. ఏమందో తెలీక అన్నం సయించలేదనుకోండి."

సౌండు పెంచాను. అక్కడితో అయిపోతే ఈ కథే లేదు. కోటిరత్నం విన్నదాన్ని కడుపులో దాచుకునే మనిషి కాదు. కొలతలిచ్చుకోవడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఏం వినాలో, ఏం చదవాలో చెప్పడం మొదలుపెట్టింది. మెడ ఎంత లోతు పెట్టాలో పది నిమిషాలైనా తేల్చుకోలేని వాళ్లకు చిన్న కథలు చెప్పేది. 'రేపటికల్లా ఇవ్వాలి' అని పీకల మీద కూర్చునేవాళ్లకు అపరాధ పరిశోధన చెప్పేది. 'నీ ఇష్టం రత్నం, నువ్వెట్టా కుడితే అట్టా' అనేవాళ్లకు మాత్రం సుభద్ర. ఊళ్లో ఆడవాళ్లు ఆవిడ మాట విన్నారు. జాకెట్టు కుదిర్చినావిడ పుస్తకం కుదర్చలేదా అని వాళ్ల నమ్మకం.

రెండు నెలలు తిరిగేసరికి మా లైబ్రరీ మెట్ల మీద చెప్పులు పట్టడం లేదు. సుభద్ర వినడానికే నూట నలభై మంది వచ్చేవారు. విని ఊరుకోకుండా మిగతా పుస్తకాలు ఇంటికి పట్టుకెళ్లేవారు. ఇరవై ఏళ్లుగా కదలని బీరువా తలుపు తెరిస్తే అందులో నా పాత గొడుగు కూడా దొరికింది. నిజం చెప్పాలంటే నాకు చాలా సంతోషం వేసింది. ఆ సంతోషంలోనే ఒక పొరపాటు చేశాను. నెలవారీ నివేదికలో ఉన్న సంగతి ఉన్నట్టు రాశాను.

వారం తిరక్కుండా జిల్లా కార్యాలయం నుంచి ప్రత్యేకాధికారి పరాంకుశం గారు జీపు దిగారు. మనిషి పొట్టి, వాక్యం పొడుగు.

"మీ శాఖయందు పాఠకుల సంఖ్య హఠాత్తుగా పెరుగుట గమనించడమైనది. ఇట్టి పెరుగుదలకు ఏ పథకము కింద అనుమతి పొందియున్నారు?"

"పథకం ఏమీ లేదు సార్. దానంతట అదే పెరిగింది."

"శాఖలో ఏదియు దానంతట అది పెరగదు. దుమ్ముకు కూడా ఫైలు ఉండవలెను."

ఎదురుగా టైలరు చెబుతుంది సార్, అందుకని వస్తున్నారు అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకున్నారు.

"పుస్తకము బాగున్నదని చెప్పుటకు సదరు మహిళకు గల హోదా ఏమిటి?"

కోటిరత్నాన్ని పిలిపించారు. మెళ్లో టేపు, పళ్ల మధ్య రెండు గుండుసూదులతో వచ్చింది. సూదులు తీసి పమిట కొంగుకి గుచ్చుకుని నమస్కారం పెట్టింది.

"సదరు నవల బాగున్నదని నూట నలభై మందికి తెలియజేసియున్నారు. వాస్తవమేనా?"

"వాస్తవమేనండి. చివరాఖర్న ఇంకా బాగుంటదని కూడా చెప్పా."

"చివర విన్నారా?"

"ఎక్కడండీ, ముప్పై ఏడుతో ఆగింది. ముప్పై ఎనిమిదికి మీరు నంబరు పంపిస్తేగా!"

అదీ సంగతి. ముప్పై ఏడో భాగం చివర సుభద్ర కాలవ రేవులో నిలబడి ఉంది. లాంచీ కూత వేసింది. సుభద్ర ఒక కాలు లాంచీ చెక్క మీద పెట్టింది. వెనకనుంచి ఎవరో పిలిచారు. భాగం అయిపోయింది. ఎక్కుద్దా, ఎక్కదా? ఊళ్లో కుళాయిల దగ్గర, బడి గేటు దగ్గర, రేషను షాపు వరసలో ఇదే మాట. పోస్టాఫీసు నాంచారమ్మ గారైతే స్టాంపు అతికిస్తూ కూడా ఎక్కుద్దనే వాదించేది.

అధికారి బయటికి వెళ్లాక కోటిరత్నం నా బల్ల దగ్గర ఆగింది. ముఖంలో రంగు లేదు.

"అన్నయ్య గారూ, నేను తొందరపడ్డానేమోనండి. చివర బాగుంటదని అందరికీ మాటిచ్చేశా. బాగోకపోతే ఇంకెప్పుడూ రత్నం మాట నమ్మొద్దని కూడా అన్నా. అంత బాగా నడిచిన కథని చివర్న ఎవరన్నా పాడు చేస్తారా చెప్పండి? చెయ్యరు గదా?"

చెయ్యరులే అన్నాను. నాకేం తెలుసు.

ఆ నెలలోనే ఆడిట్ వారు వచ్చి ఒక అభ్యంతరం రాసి వెళ్లారు. 'యంత్రమునుండి శబ్దము విడుదలైనట్లు ఆధారము కలదు. సదరు శబ్దము ప్రజల చెవులలోనికి చేరినట్లు ఆధారము లేదు.' పుస్తకమైతే తేదీ ముద్ర ఉంటుంది, పోతే పోయిందని తెలుస్తుంది. విన్నదానికి రుజువేది? ఈ ప్రశ్న జిల్లా కార్యాలయాన్ని పదిహేను రోజులు కుదిపేసింది. పదహారో రోజున పరాంకుశం గారికి జ్ఞానోదయం అయింది. ఆయన ఉత్తర్వు ఇలా మొదలైంది:

'మన పెద్దలు పిల్లలకు కథ చెప్పు సందర్భమున, వినువాడు ఊ కొట్టుట అనాదిగా వచ్చుచున్న ఆచారమై యున్నది. ఊ అనునది శబ్దము చెవిలో చేరినదనుటకు చెల్లుబాటగు ఏకైక రసీదు. కావున ఇందుమూలముగా ఊ నియమావళిని అమలులోనికి తెచ్చుట జరిగినది.'

నియమావళి మొత్తం పదకొండు పేజీలు. సారాంశం ఏమంటే, శ్రోత నిమిషానికి ఒకటికి తగ్గకుండా ఊ కొట్టాలి. నిమిషం దాటి ఊ రాకపోతే పెట్టెను ఆపెయ్యాలి. 'ఊ వచ్చుచున్నంతసేపు, కథనము చేయునది యంత్రమైనను, వ్యక్తియైనను, ఏ కారణము చేతను ఆపరాదు.' పుస్తకం బాగుందని ఎవరు చెప్పారో వాళ్లే, తాము చెప్పిన వాళ్లందరి చేతా ఊ కొట్టించాలి. ఇకపోతే ఇప్పటిదాకా ఊ లేకుండా విన్న ముప్పై ఏడు భాగాలూ విననట్టే. మళ్లీ మొదటినుంచి విని, సంపూర్ణ ఊ నివేదిక పంపితేనే ముప్పై ఎనిమిదో భాగానికి నంబరు. నిమిషాలు చూడటానికి నాకొక గడియారం, ఊలు రాయడానికి ఒక రిజిస్టరు కూడా ఇచ్చారు.

ఈ సంగతి చెబితే కోటిరత్నం నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ముప్పై ఏడూ మళ్లీ వినాలా? సుభద్ర మళ్లీ పుట్టి, మళ్లీ పెళ్లాడి, మళ్లీ ఆ అత్త చేతిలో పడాలా?"

"రూలు కోటిరత్నం."

"సరే పెట్టండి. మాటిచ్చినదాన్ని, నేనే అందరిచేతా ఊ కొట్టిస్తా."

మొదటి రోజే చిక్కొచ్చింది. నూట నలభై మంది ఒకేసారి 'ఊ' అంటే హాలు పైకప్పు పెచ్చులూడింది. ఆ హోరులో సుభద్ర ఏమందో ఎవరికీ వినపడలేదు. ఏమందని పక్కావిణ్ణి అడిగేలోగా ఇంకో నిమిషం అయిపోయి మళ్లీ ఊ. ఒకావిడ ముందుగానే పది ఊలు అనేసి బియ్యం ఏరుకోవడం మొదలుపెట్టింది. ముందస్తు ఊలు చెల్లవని చెప్పాను. నాంచారమ్మ గారు ఊ అనడానికి బదులు 'చాల్లే సంబడం' అనేది. పన్నెండో భాగంలో సుభద్ర నాన్న పోయినప్పుడు ఊకి బదులు వెక్కిళ్లు వచ్చాయి. వెక్కిళ్లను రిజిస్టరులో ఏ గడిలో రాయాలో తెలపమని జిల్లాకు రాశాను. 'దుఃఖించదలచినవారు నిమిషమునకు ఒక ఊ పూర్తిచేసిన పిమ్మట మిగిలిన వ్యవధిలో దుఃఖించవచ్చును' అని జవాబు వచ్చింది.

కోటిరత్నానికి వేరే కష్టం. కొట్లో కూర్చుని పళ్ల మధ్య సూదులతో పనిచేస్తూ ఊ కొడితే అది ముక్కులోంచి వచ్చేది. తనిఖీకి వచ్చిన పరాంకుశం గారు చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని రోడ్డు అవతలి నుంచి విన్నారు.

"ఇది ఊ కాదు. మూలుగు. మూలుగులను ఊలుగా నమోదు చేయరాదు."

"సూదులు పెట్టుకుంటే అట్టాగే వస్తదండి మరి."

"శ్రవణ సమయమున నోరు ప్రభుత్వ వినియోగార్థము ఖాళీగా ఉంచవలెను."

దాంతో ఆవిడ సూదులు మానేసి, పని ఆపి, మా హాల్లో కూర్చుని ఊ కొట్టడం మొదలుపెట్టింది. కుట్టాల్సిన జాకెట్లు కుప్ప పడ్డాయి. ఇచ్చిన మాట కోసం చేతికొచ్చిన పని వదులుకున్న మనిషిని చూస్తే నాకు బాధ వేసింది. కానీ రిజిస్టరులో ఊలు రాస్తూనే ఉన్నాను. అలవాటు అలాంటిది.

పద్నాలుగో భాగం దాటేసరికి జనం పల్చబడ్డారు. ఇళ్లల్లో పొయ్యి మీద పాలున్నవాళ్లు ఎంతసేపని ఊ కొడతారు? అప్పుడు వచ్చాడు భుజంగరావు. రిటైరైన గుమాస్తా. అసలు ఫ్యాను కోసం వచ్చేవాడని చెప్పానే, ఆయనే.

"మాస్టారూ, మీ ఇబ్బంది నాకు ఒదిలెయ్యండి. ముప్పై నాలుగేళ్లు మీటింగుల్లో కూర్చున్నా. ఊ కొట్టడం నాకు చెప్పాలా? వాళ్లందరి తరఫునా నేనే కొడతా. కుర్చీ మాత్రం ఫ్యాను కింద వెయ్యండి."

ఒకరి తరఫున ఇంకొకరు ఊ కొట్టొచ్చా అని జిల్లాకు రాశాను. పరాంకుశం గారు సంతోషించి, ఆయన్ను అధీకృత ఊ ప్రతినిధిగా నియమిస్తూ ఉత్తర్వు పంపారు. భుజంగరావు పని చూస్తే ముచ్చటేసేది. ఒళ్లో పేపరు, కళ్లు పేపరు మీద. నిమిషం నిమిషానికీ నేను పేర్ల జాబితా ముందుకు జరిపితే గుక్క తిప్పుకోకుండా నూట నలభై ఊలు అనేవాడు. అన్నీ ఒకే తూకం. ఒక్క మూలుగు లేదు.

నాలుగు రోజులకు ఆయనో ఫిర్యాదు చేశాడు.

"మాస్టారూ, ఆ పెట్టె వాగుడుకి నా ఊలు తప్పిపోతున్నాయండి. కాస్త తగ్గించరా."

ఇదీ జిల్లాకు రాశాను. 'ఊల నాణ్యత దృష్ట్యా శబ్దమును కనీస స్థాయికి తగ్గించుటకు అనుమతించడమైనది' అన్నారు. కనీస స్థాయి అంటే ఎంత అని అడిగితే 'సున్నా కనీసమే కదా' అని జవాబొచ్చింది. సౌండు మొత్తం తీసేశాను. కోటిరత్నం ఒక్కతే పెట్టెకు చెవి ఆనించి కూర్చునేది, వినపడేది గరగర మాత్రమే. ఆ నెల లాకులపాడు శాఖ జిల్లాలో ప్రథమ స్థానంలో నిలిచింది. శబ్దం సున్నా, ఊలు నూటికి నూరు. నాకు ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

నివేదిక పూర్తయింది కాబట్టి ముప్పై ఎనిమిదో నంబరు ఇవ్వక తప్పదు. ఊరికే ఇవ్వడం శాఖ మర్యాద కాదని విడుదల మహోత్సవం పెట్టారు. ఉదయం పదింటికి సభ. షామియానా వేశారు. ఊ కొట్టడానికి రాని జనం, సుభద్ర సంగతి తేలుతుందంటే మాత్రం పిల్లాపాపలతో వచ్చారు. నాలుగు వందలకు తగ్గరు. కోటిరత్నం ముందు వరసలో కూర్చుంది. చేతిలో పని లేకపోయేసరికి పమిట అంచు మడత వేస్తూ విప్పుతూ ఉంది.

"భయంగా ఉందన్నయ్య గారూ" అంది నాతో మెల్లగా. "ఇంతమందీ నా మొహమే చూస్తన్నారు."

పరాంకుశం గారు సీలు వేసిన కవరు పైకెత్తి చూపించి జేబులో పెట్టుకున్నారు. తర్వాత ముప్పావు గంట మాట్లాడారు. ప్రతి వాక్యానికీ వెనక భుజంగరావు అలవాటుగా ఊ అంటున్నాడు. చివరికి అధికారి వాచీ చూసుకున్నారు.

"సమయాభావము దృష్ట్యా ముప్పై ఎనిమిదవ భాగము విడుదలను వచ్చే త్రైమాసికమునకు వాయిదా వేయడమైనది. ఇంతటితో నా ప్రసంగమును ముగించుచున్నాను."

కోటిరత్నం లేచి నిలబడింది. తిడుతుందనుకున్నాను. నోరు పూర్తిగా తెరిచి, ఏ తనిఖీ అధికారీ తప్పు పట్టలేనంత స్పష్టంగా అంది:

"ఊ."

పరాంకుశం గారు మైకు దగ్గర్నుంచి ఒక అడుగు వేశారు. నాంచారమ్మ గారు కూడా లేచింది. "ఊ." ఆ తర్వాత వరసలు వరసలుగా నాలుగు వందల మంది. "ఊ."

"ఏమిటయ్యా ఇది?" అన్నారు ఆయన నావైపు తిరిగి.

నేను రూలు ప్రకారం నడిచే మనిషినని ముందే చెప్పాను. నియమావళి తీసి చదివాను. "'ఊ వచ్చుచున్నంతసేపు, కథనము చేయునది యంత్రమైనను, వ్యక్తియైనను, ఏ కారణము చేతను ఆపరాదు.' మీ సంతకమే సార్."

ఆయన సంతకం చూసుకున్నారు. తన సంతకాన్ని కాదన్న అధికారి ఇంతవరకు పుట్టలేదు. మళ్లీ మైకు దగ్గరకు వెళ్లారు. శాఖ ఆశయాలు చెప్పారు. ఊ. శాఖ విజయాలు చెప్పారు, అవి తొందరగా అయిపోయాయి. ఊ. తన సర్వీసు, ఏడు బదిలీలు చెప్పారు. మూడో బదిలీలో లారీ మీద పగిలిపోయిన ఆవకాయ జాడీ గురించి చెప్పినప్పుడు ఆడవాళ్లు ఊతో పాటు 'అయ్యో' అని కూడా అన్నారు. తన షుగరు గురించి, పరగడుపున మెంతులు నానబెట్టిన నీళ్లు తాగడం గురించి చెప్పారు. ఊ. పన్నెండున్నర అయ్యేసరికి పెద్ద పెద్ద వాక్యాలన్నీ అయిపోయి, ఒట్టి మాటలు మిగిలాయి.

"అమ్మా, గొంతు పోయింది. ఇంక నావల్ల కాదు" అన్నారు.

"ఊ" అన్నారు జనం.

ఆయన జేబులోంచి కవరు తీసి నా చేతిలో పెట్టారు. "పెట్టవయ్యా బాబూ. ఆ సుభద్రేదో వచ్చి చెప్పుకుంటుంది."

నంబరు కొట్టి, సౌండు పూర్తిగా పెంచాను. కాలవ నీళ్ల చప్పుడుతో ముప్పై ఎనిమిదో భాగం మొదలైంది. లాంచీ రెండో కూత వేసింది. నాలుగు వందల మందిలో ఒక్కరూ కిక్కురుమనలేదు. నేను గడియారం చూశాను. నిమిషం అయింది. ఊ రాలేదు. పెట్టె ఆపేశాను.

"ఎవడయ్యా ఆపింది!" ఆ కేక పరాంకుశం గారిది.

"ఊ రాలేదు సార్. రూలు..."

భుజంగరావు కేసి చూశాను. ఆయన పేపరు కింద పడేసి నోరు తెరుచుకుని వింటున్నాడు. ఊ సంగతే మరిచిపోయాడు. అధికారి వచ్చి నా చేతిలో గడియారం లాక్కుని తన జేబులో వేసుకున్నారు.

"పెట్టు. మళ్లీ ఆపావంటే నిన్ను కాలవ అవతలికి బదిలీ చేస్తాను."

పెట్టాను. సుభద్ర ఒక కాలు చెక్క మీద, ఒక కాలు గట్టు మీద. ఆమె సంచీ ఇంకా గట్టు మీదే ఉంది. వెనకనుంచి పిలిచింది ఎవరో చెప్పకుండా రచయిత కాలవను వర్ణించడం మొదలుపెట్టాడు. కాలవ ఎప్పుడు తవ్వారో చెప్పాడు. గట్టున పెరిగే తూటికాడల గురించి చెప్పాడు. తూము గేట్లకు ఎన్ని పళ్లుంటాయో చెప్పాడు. అరగంట గడిచింది. జనం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఓపిక పట్టారు. చివరికి లాంచీ మూడో కూత వేసింది. చదివే గొంతు బరువెక్కింది. 'సుభద్ర లాంచీ ఎక్కిందా? లేక గట్టునే ఉండిపోయిందా? అది పాఠకుల ఊహకే వదిలేస్తున్నాను. సమాప్తం.'

పెట్టె ఆగింది. తర్వాత నాలుగు వందల తలలూ ఒక్కసారే కోటిరత్నం వైపు తిరిగాయి.

ఇలాంటి చోట ఏం చెప్పాలో మా శాఖలో ఎవరినడిగినా చెబుతారు. ఇందులో గూఢార్థం ఉందనవచ్చు. కమిటీ వేద్దామనవచ్చు. తాను చివర బాగుంటుందన్న మాటను సందర్భం నుంచి విడదీసి చూడరాదనవచ్చు. కోటిరత్నం లేచి, జనం వైపు తిరిగింది. ముక్కు ఎర్రబడి ఉంది.

"బాగోలా" అంది. "చివర బాగుంటదని అందరికీ చెప్పింది నేనే. వినకుండానే చెప్పా. తప్పు నాదే. ముప్పై ఏడు దాకా బాగుందన్నది అబద్ధం కాదు. ఇది మాత్రం అస్సలు బాగోలా."

అని కూర్చుంది.

ఇరవై ఆరేళ్లలో నా చేతుల మీదుగా ఎన్ని వేల కాయితాలు పోయాయో లెక్కలేదు. 'తప్పు నాదే' అన్న మాట ఒక్కదాంట్లోనూ చూడలేదు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. పరాంకుశం గారు ఏదో అనబోయి, దానికి తగిన వాక్యం దొరక్క నోరు మూసుకున్నారు.

ముందు కదిలింది నాంచారమ్మ గారే.

"పోన్లేవే రత్నం. ఎక్కేసిందనుకుందాం."

"ఎక్కలేదండీ!" వెనకనుంచి భుజంగరావు లేచాడు. "ఎట్టా ఎక్కుద్ది? సంచీ గట్టు మీదే ఉందిగా!"

"సంచీ కోసం ఆగిపోద్దా? మీ మగాళ్లకి సంచీ సంగతే తెలుసు."

అంతే, షామియానా రెండు ముక్కలైంది. ఎక్కిందనేవాళ్లు ఇటు, ఎక్కలేదనేవాళ్లు అటు. రచయితను తిట్టనివాళ్లు లేరు. అయినా ఎవరూ ఇంటికి పోలేదు. ఆ వాదనలోనే ఒక్కొక్కళ్లూ కోటిరత్నం దగ్గరకొచ్చి, అది సరేగానీ తర్వాత ఏం వినమంటావో చెప్పమని అడిగి పోతున్నారు. ఆవిడ బిత్తరపోయి చూస్తోంది.

"ఇంకా నన్నే అడుగుతారేంటండి? బాగోకపోతే నా మాట నమ్మొద్దన్నాగా!"

"బాగోలేదని నువ్వే చెప్పావు గదమ్మా" అంది నాంచారమ్మ గారు. "ఇంకెవర్ని అడగమంటావు?"

మూడింటికి జనం పల్చబడ్డాక పరాంకుశం గారు జీపు ఎక్కబోయి ఆగారు. చుట్టూ చూసి, రోడ్డు దాటి కొట్టు ముందు నిలబడ్డారు. నేనూ వెనకే వెళ్లాను. కోటిరత్నం పేరుకుపోయిన జాకెట్లు ముందేసుకుని మిషనులో దారం ఎక్కిస్తోంది.

"అమ్మా" అన్నారు ఆయన, గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "నేను ఈ శాఖలో చేరాక పుస్తకం పూర్తిగా విన్నదీ లేదు, చదివిందీ లేదు. ఇవాళే మొదలు. అది కాస్తా ఇట్లా తగలడింది. బాగున్నది ఒకటి చెప్పు."

"చెప్తానండి. కానీ ఈసారి ముందు నేను చివరిదాకా వినాలి. విన్నాకే చెప్తా."

ఆయన జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాయితం తీసి, ఆవిడ కత్తెర పక్కన పెట్టి, వెళ్లి జీపు ఎక్కారు. మడత విప్పి చూస్తే అందులో పెట్టెలో ఉన్న రెండు వందల పుస్తకాలకూ, అన్ని భాగాలకూ తాళం నంబర్లున్నాయి.

కోటిరత్నం ఆ కాయితాన్ని పైనుంచి కిందిదాకా చదివింది. నా చేతికిచ్చి, రెండు గుండుసూదులు తీసి పళ్ల మధ్య పెట్టుకుని, నాలుగో పేరు మీద వేలు పెట్టి చూపించింది.

నేను లైబ్రరీకి వెళ్లి నంబరు కొట్టి, సౌండు పెంచాను.